డిజైర్ డ్యాష్‌బోర్డు స్విఫ్ట్‌కి ఎక్కించాలంటే: కొన్ని చిట్కాలు

రెంటచింతల, రామగుండం ఎండల్లో పదేళ్లు నిలబడ్డ కారు తలుపు తీస్తే ముందు కంటబడేది డ్యాష్‌బోర్డు దుస్థితే. పైన తెల్లబారి ఉంటుంది, ఏసీ గ్రిల్లుల రెక్కలు ఊడి ఉంటాయి, గ్లవ్‌బాక్స్ మూతకు లాకు పడదు. కంపెనీ నుంచి కొత్తది తెప్పిద్దామంటే ధర విని ప్రాణం ఉసూరుమంటుంది. దాంతో మనసు పాతసామాను కొట్లవైపు పోతుంది. విజయవాడ ఆటోనగర్‌లోనో చెన్నై పుదుపేటలోనో వెతికితే, అచ్చంగా మన మోడల్‌ది దొరక్కపోయినా దాని తోబుట్టువుది దొరుకుతుంది. బేస్ మోడల్ కొన్నవాళ్లకు టాప్ మోడల్ డ్యాష్ మీద ఉండే మోజు సరేసరి.

2011 ఆగస్టులో వచ్చిన రెండో తరం స్విఫ్ట్‌నే ఉదాహరణగా పెట్టుకుందాం. 2012లో వచ్చిన డిజైర్, అదే ఏడాది వచ్చిన ఎర్టిగా కూడా దాదాపు ఇదే డ్యాష్‌బోర్డు పెట్టుకుని పుట్టాయి. డిజైర్లు ట్యాక్సీలుగా ఊరూరా తిరిగాయి కాబట్టి పాతసామానుకు లోటు లేదు. మిగతా కార్లకు కూడా పనికొచ్చే సంగతులు మధ్యమధ్యలో చెబుతాను. నా అభిప్రాయం మొదటే చెప్పేస్తే మంచిది: మార్చాల్సింది పైతొడుగు ఒక్కటే. దాని వెనకున్న వైరింగు, మీటరు, ఎయిర్‌బ్యాగులు మీ కారువే మీ కారులో ఉండాలి. దీన్ని దాటి ముందుకెళ్లినకొద్దీ ఖర్చు పెరుగుతుంది, ప్రమాదం కూడా.

1. మొత్తం మార్చాలా అని ముందు ఆలోచించండి. ఊడింది రెండు ఏసీ గ్రిల్లులు, గ్లవ్‌బాక్స్ మూత, స్టీరియో చుట్టూ ఉండే ఫ్రేము అయితే అవి విడిగానే దొరుకుతాయి. గంటలో పని అయిపోతుంది. డ్యాష్‌బోర్డు నిలువునా పగిలినా, ప్రమాదంలో వంగినా, పైన ప్లాస్టిక్ ఉబ్బి లేచిపోయినా అప్పుడు పూర్తి మార్పిడి గురించి మాట్లాడుకోవచ్చు. ఒక్కసారి కూడా విప్పని డ్యాష్‌కు ఉండే బిగువు, విప్పి బిగించినదానికి మళ్లీ రావడం కష్టం. గతుకుల రోడ్డెక్కగానే కిర్రుమంటూ గుర్తు చేస్తుంది.

2. పేరు చూసి కొనకండి, తరం చూసి కొనండి. 2005 స్విఫ్ట్, 2011 స్విఫ్ట్ పేరుకే ఒకటి, డ్యాష్‌బోర్డులు వేరు. పేర్లు వేరైనా డ్యాష్ ఒకటే ఉన్న జంటలు మన రోడ్ల మీద చాలానే ఉన్నాయి: మొదటి తరం హోండా బ్రియో–అమేజ్, ఫోక్స్‌వ్యాగన్ పోలో–వెంటో, టయోటా ఇటియోస్–లివా, హ్యుందాయ్ గ్రాండ్ ఐ10–ఎక్సెంట్. ‘ఒకే ప్లాట్‌ఫామ్’ అన్న మాటను మాత్రం పట్టుకోకండి. రెనో క్విడ్, డాట్సన్ రెడీ-గో ఒకే ప్లాట్‌ఫామ్ మీద పుట్టినా లోపల డ్యాష్‌లు వేరు. వెంటో, స్కోడా ర్యాపిడ్ కూడా అంతే. బయటి రేకు తేడా, లోపలి ప్లాస్టిక్ కూడా తేడా.

ఒకే తరంలోనూ మధ్యలో మార్పులు జరుగుతాయి. 2014 చివర్లో స్విఫ్ట్‌కు ముఖం దిద్దారు. ఇలాంటి దిద్దుబాట్లప్పుడు స్టీరియో చోటు, కప్లర్ల ఆకారం మారడం ఏ కంపెనీకైనా మామూలే. అందుకని మీ కారు తయారైన నెల, ఏడాది కాగితం మీద రాసుకుని కొట్టుకు వెళ్లండి. “అంతా సేమ్ అన్నా, ఎక్కిపోద్ది” అన్న భరోసా కొట్టువాడి నోట ఎలాగూ వస్తుంది. డ్యాష్‌ను తిరగేసి, అడుగున అచ్చుపోసిన పార్టు నంబరు ఫొటో తీసుకుని, మీ కారు పార్టు నంబరుతో సరిచూసుకుంటే ఆ భరోసాతో పనిలేదు.

3. ఎయిర్‌బ్యాగు సంగతి తేలకుండా అడ్వాన్సు ఇవ్వకండి. అన్ని చిట్కాల్లోకీ ఇదే ముఖ్యం కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను.

మన దేశంలో కొత్త కార్లన్నిటికీ డ్రైవరు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి చేసింది 2019 జులై నుంచి. పక్క సీటుకు కూడా తప్పనిసరి అయింది 2021లో, అప్పటికే అమ్మకంలో ఉన్న మోడళ్లకు ఆ ఏడాది చివరిదాకా గడువిచ్చారు. అంటే అంతకుముందు కొన్న స్విఫ్ట్, డిజైర్‌లలో ఎయిర్‌బ్యాగులు ఉన్నవీ ఉన్నాయి, లేనివీ ఉన్నాయి. మొదట్లో జెడ్‌ఎక్స్‌ఐ, జెడ్‌డీఐ లాంటి ఖరీదైన రకాలకే వచ్చేవి. బయటి నుంచి చూస్తే రెండు డ్యాష్‌లూ ఒకేలా ఉంటాయి. ఎయిర్‌బ్యాగు ఉన్నదానిలో, పక్క సీటు ముందు, అది చీల్చుకుని బయటికి రావడానికి వీలుగా ప్రత్యేకమైన మూతో, లోపలివైపు పలుచటి గాడో ఉంటుంది. లేనిదానిలో అది ఉండదు.

దీంతో రెండు రకాల మనుషులు తయారవుతారు. మొదటి రకం, తన కారులో ఎయిర్‌బ్యాగు ఉంది, కొన్న డ్యాష్‌లో ఆ వీలు లేదు. ఇది ఎట్టి పరిస్థితిలోనూ బిగించకూడదు. ఎయిర్‌బ్యాగు సెకనులో సుమారు ఇరవయ్యో వంతులో ఉబ్బుతుంది. దారి లేని ప్లాస్టిక్‌ను పగలగొట్టుకుని వస్తే ఆ ముక్కలు తగిలేది పక్క సీటులో ఉన్నవాళ్ల ముఖానికే. రెండో రకం, తన కారులో ఎయిర్‌బ్యాగు లేదు, కొన్న డ్యాష్‌లో దానికి చోటుంది. ఆ చోటు ఖాళీగా వదిలి బిగించవచ్చు. కానీ మూత మీద ‘ఎయిర్‌బ్యాగ్’ అన్న అచ్చు ఉంటే దాన్ని తీసేయండి, లేదా కప్పేయండి. రేపు ఆ కారు కొన్నవాళ్లు ఆ అక్షరాలు నమ్మి ధైర్యంగా కూర్చుంటారు.

“చోటుంది కదా, పాత ఎయిర్‌బ్యాగు కూడా పెట్టించేద్దాం” అన్న ఆలోచన ఎవరైనా ఇస్తే దండం పెట్టి వచ్చేయండి. ఎయిర్‌బ్యాగు ఒంటరిగా పనిచేసే వస్తువు కాదు. దెబ్బను కనిపెట్టే సెన్సార్లు, దానికి విడిగా ఒక కంప్యూటరు, ప్రమాదంలో బెల్టును వెనక్కి లాగే ప్రిటెన్షనర్లు, వీటన్నిటినీ కలిపే వైరింగు ఉండాలి. అవన్నీ ఆ కారు బరువుకు, ముందుభాగం నలిగే తీరుకు లెక్కగట్టి పెట్టినవి. పాతసామాను కొట్లో దొరికే బ్యాగు వరదలో మునిగిందో, ఒకసారి పేలాక మళ్లీ మడిచి పెట్టిందో పైకి చూస్తే తెలియదు.

4. కొట్లో ముందు వాసన చూడండి, తర్వాత ధర అడగండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు కార్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. 2020 అక్టోబరులో హైదరాబాదులోనూ, 2015లో, 2023లో చెన్నైలోనూ ఇలాగే జరిగింది. అలాంటి బళ్లను బీమా కంపెనీలు పూర్తి నష్టం కింద రాసేశాక వాటి భాగాలు విడివిడిగా అంగళ్లకు చేరుతుంటాయి. పైన తుడిచి పాలిష్ పెట్టిన డ్యాష్ తళతళలాడుతుంది. గ్లవ్‌బాక్స్ విప్పి వెనక మూలల్లో వేలు పెట్టి చూడండి, ఎండిన ఒండ్రు చేతికి అంటుతుంది. లోపలివైపు అతికించిన స్పాంజి ముద్దగా, ముక్కవాసనతో ఉంటుంది. లోహపు క్లిప్పుల మీద తుప్పు, కప్లర్ల పిన్నుల మీద పచ్చటి పూత కనిపిస్తుంది. ఒట్టి ప్లాస్టిక్ తొడుగయితే కడుక్కుని వాడుకోవచ్చు, బేరం ఆడటానికి కూడా మంచి అవకాశం. దాంతోపాటు మీటరు, స్విచ్చులు ఇస్తామంటే మాత్రం వద్దనండి.

5. బిల్లు తీసుకోండి. ఏ బండి నుంచి విప్పారో దాని నంబరు బిల్లు మీద రాయించండి. రాయడానికి నసిగేవాడి దగ్గర సరుకు ఎంత బాగున్నా కొనకండి. దొంగ బళ్లు ఒక్క రాత్రిలో ముక్కలయ్యేది విడిభాగాలుగా అమ్ముకోవడానికే.

6. బేరం డ్యాష్ ఒక్కదానికే చేయకండి, సెట్టుకు చేయండి. గ్రిల్లులు, గ్లవ్‌బాక్స్, స్టీరింగ్ కింది కవర్లు, తలుపు తెరిస్తే పక్కన కనిపించే చివరి మూతలు, మధ్య ఫ్రేము, క్లిప్పులు, స్క్రూలు అన్నీ కలిపి మాట్లాడుకోండి. ఇంటికొచ్చాక ఒక మూత తగ్గిందని మళ్లీ వెళితే ఆ ఒక్కదానికి చెప్పే ధర వేరే లెక్క. అదీకాక లేత గోధుమ రంగులో పది ఛాయలుంటాయి. వేరే బండి మూత తెచ్చి పెడితే రంగు కలవదు.

7. రంగు విషయంలో ఒక హెచ్చరిక. డిజైర్ డ్యాష్ రెండు రంగుల్లో, పైన ముదురుగా, కింద లేత గోధుమ రంగులో ఉంటుంది. పైభాగం ముదురుగా ఉంచడం అందానికి చేసిన పని కాదు. లేత రంగు మీద ఎండ పడితే దాని నీడ ముందు అద్దంలో తేలి రోడ్డు మసకగా కనబడుతుంది. “మొత్తం క్రీమ్ కలర్ కొట్టించండి, లగ్జరీ లుక్ వస్తుంది” అనే పెయింటరుకు కింది సగమే అప్పగించండి. మెరుపునిచ్చే సిలికాన్ పాలిష్ కూడా పైభాగానికి పనికిరాదు, అదే కారణానికి.

8. విప్పకముందే కొలతలు పోల్చండి. కొన్న డ్యాష్‌ను మంచం మీద దుప్పటి పరిచి బోర్లా పెట్టండి. చూడాల్సినవి నాలుగు: రెండు చివర్లలో బోల్టులు పడే చోట్లు, మధ్యలో బ్రాకెట్లు, ఏసీ గాలి వచ్చే గొట్టాల నోళ్లు, ముందు అద్దానికి గాలి కొట్టే సన్నటి కంత. చివరిదాన్ని చాలామంది పట్టించుకోరు. వానాకాలం రాత్రి అద్దం పొగచూరినట్టు మూసుకుపోయినప్పుడు ఆ గాలే దిక్కు.

9. బ్యాటరీ నెగటివ్ తీగ తీసి, ఆగండి. ఎయిర్‌బ్యాగు కంప్యూటరులో కొంత కరెంటు నిలవ ఉంటుంది. అది దిగడానికి ఒక కంపెనీ 90 సెకన్లు అంటుంది, ఇంకో కంపెనీ 3 నిమిషాలు అంటుంది. మీరు టీ తాగి రండి, పది నిమిషాలు గడిచిపోతాయి. ఆ తర్వాతే స్టీరింగ్ జోలికి, పసుపు రంగు కప్లర్ల జోలికి వెళ్లాలి. డ్యాష్ కింద పసుపు రంగు కప్లరు కనిపించిందంటే అది ఎయిర్‌బ్యాగుదే అనుకోండి. దాంట్లో మల్టీమీటరు పిన్నులు గుచ్చి ‘కరెంటు వస్తోందా’ అని చూడటం చేయకూడని పని. మీటరు పంపే కొద్దిపాటి కరెంటుకే బ్యాగు పేలే ప్రమాదం ఉంది. విప్పిన బ్యాగును మోసేటప్పుడు దాని ముఖం మీ ఒంటికి దూరంగా ఉండాలి. కింద పెట్టేటప్పుడు ముఖం పైకి ఉండాలి. పిల్లలు తిరిగే వరండాలో మాత్రం వదలకండి.

కంపెనీ ఎయిర్‌బ్యాగులున్న కారయితే ఈ భాగం వరకు అనుభవమున్న మెకానిక్‌తో చేయించుకోవడమే మంచిది. మిగతాది ఇంటి దగ్గర చేసుకోవచ్చు.

10. స్టీరింగ్ తీసే పద్ధతి. ముందు చక్రాలు తిన్నగా పెట్టండి. మధ్య నట్టు వదులు చేశాక, స్టీరింగుకీ దాని ఇరుసుకీ కలిపి చిన్న పెయింటు గీత గీయండి, మళ్లీ బిగించేటప్పుడు వంకర రాదు. నట్టును పూర్తిగా తీసేసి స్టీరింగును లాగితే అది ఒక్కసారిగా ఊడి మూతి మీదకొస్తుంది. అందుకే నట్టును రెండు మూడు మరల మీద ఉంచి లాగి, కదిలాక అప్పుడు నట్టు తీయాలి. దాని కింద రిబ్బన్‌లా చుట్టుకుని ఉండే స్పైరల్ కేబులు ఉంటుంది. హారనుకూ ఎయిర్‌బ్యాగుకూ కరెంటు దాని గుండానే పోతుంది. దాన్ని తిప్పితే లెక్క తప్పుతుంది, ఆ తర్వాత మొదటి మలుపులోనే తెగుతుంది. తీయగానే రెండు చోట్ల టేపు అతికించి కదలకుండా చేయండి.

11. స్క్రూలకు గుడ్ల అట్ట. ముప్ఫై గుడ్ల అట్ట ఒకటి తెచ్చుకుని గుంటల మీద నంబర్లు వేయండి. ఏ చోటు స్క్రూలు ఆ గుంటలో. ప్రతి భాగం విప్పేముందు ఫోనులో ఫొటో. డ్యాష్‌లో పొడుగు స్క్రూ పడాల్సిన చోట పొట్టిది పెడితే పట్టదు, పొట్టిది పడాల్సిన చోట పొడుగుది పెడితే పైకి పొడుచుకొచ్చి ప్లాస్టిక్ మీద బుడిపె లేస్తుంది.

12. లాగేముందు వెతకండి. డ్యాష్ రాకపోతే బలం చాలక కాదు, ఎక్కడో ఒక బోల్టు మిగిలింది. సాధారణంగా దాక్కునే చోట్లు: తలుపు వైపు చివరి మూతల వెనక, మీటరు తీసిన గుంతలో పైన, గ్లవ్‌బాక్స్ వెనక, గేరు దగ్గరి కన్సోల్ కింద. క్లిప్పుల దగ్గర ఇనుప స్క్రూడ్రైవరు వాడితే అంచుకు గాటు పడుతుంది, ప్లాస్టిక్ పట్టీ వాడండి. పాత ప్లాస్టిక్ డిసెంబరు పొద్దున పెళుసుగా ఉంటుంది, మధ్యాహ్నం కారు ఎండలో పెట్టి చేస్తే క్లిప్పులు విరగవు. అంతా ఊడాక ఎత్తడానికి ఇద్దరుండాలి, చెరో తలుపు దగ్గర. గేరు రాడ్డు అడ్డం వస్తుంది, హ్యాండ్‌బ్రేకు వేసి గేరు వెనక్కి లాగి ఉంచండి.

13. వెనకున్న ఇనుప దూలాన్ని కోయవద్దు. డ్యాష్ తీస్తే ఈ పక్క స్తంభం నుంచి ఆ పక్క స్తంభానికి అడ్డంగా ఒక దూలం కనిపిస్తుంది. స్టీరింగు దానికే వేలాడుతుంది. పక్కనుంచి గుద్దుకున్నప్పుడు క్యాబిన్ నలగకుండా కొంత ఆపేదీ అదే. బ్రాకెట్టు ఒకటి అడ్డొస్తోందని గ్రైండరు పెట్టి కోసి, వేరేచోట వెల్డింగు చేసే పనితనం మన వర్క్‌షాపుల్లో కొదవలేదు. అలా కోస్తే తప్ప పట్టని డ్యాష్ మీ కారుకు చెందినది కాదు, తిరిగి ఇచ్చేయండి. ప్లాస్టిక్‌ను కాస్త చెక్కుకోవచ్చు, ఇనుమును వద్దు.

14. విప్పి ఉండగానే చేయాల్సిన చిల్లర పనులు. ఈ అవకాశం మళ్లీ పదేళ్లకు గానీ రాదు.
ఏసీ పెట్టె నుంచి నీళ్లు బయటికి పోయే చిన్న రబ్బరు గొట్టం మూసుకుపోయి ఉంటుంది, శుభ్రం చేయండి. పక్క సీటు కింద మ్యాటు తడిసే జబ్బుకు కారణం చాలాసార్లు ఇదే. బ్లోయర్ మోటారు విప్పి రాలిన ఆకులు, వేపపూత దులపండి. ఎలుకలు కొరికిన తీగలుంటే ఇప్పుడే కనిపిస్తాయి, వాటి గూడు కూడా దొరకవచ్చు. కూలింగ్ కాయిలు మార్చాల్సి ఉంటే ఇప్పుడే మార్పించండి. దానికి గ్యాసు తీయాలి కాబట్టి ఏసీ మెకానిక్ మెషినుతోనే తీయించండి. మామూలుగా వాడే ఆర్‌134ఎ గ్యాసు గాల్లోకి వదిలితే భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడుకు వెయ్యి రెట్లకు పైగా బలమైనది. కాయిలు జోలికి పోనట్టయితే ఏసీ గొట్టాలను కదపాల్సిన పనే లేదు, చాలా కార్లలో డ్యాష్ ఒక్కటే ముందుకు వచ్చేస్తుంది.

15. ఆటోమేటిక్ ఏసీ మీద ఆశ పెట్టుకోకండి. టాప్ మోడల్ డ్యాష్‌తో డిజిటల్ ఏసీ ప్యానెల్ కూడా వస్తుంది, చూడ్డానికి బాగుంటుంది. మీ బేస్ మోడల్‌లో చల్లదనం, వేడి మార్చేవి తీగలతో నడిచే మూతలు. ఆటోమేటిక్ దానిలో వాటిని చిన్న మోటార్లు నడుపుతాయి. ఎండ సెన్సరు, క్యాబిన్ వేడి సెన్సరు దానికి సమాచారం పంపాలి. ప్యానెల్ ఒక్కటే పెట్టడం వల్ల లైట్లు వెలుగుతాయి, అంతకుమించి ఏమీ జరగదు. మీ చేతి బిళ్లల ప్యానెలే మళ్లీ పెట్టుకోండి. స్టీరియో, యూఎస్‌బీ సాకెట్టు, పార్కింగ్ కెమెరా తెర లాంటివి పెట్టుకోవడానికి ఇబ్బంది లేదు.

కొత్తగా తీగ కలపాల్సివస్తే మెలిపెట్టి టేపు చుట్టే పద్ధతి వదిలేయండి. మన ఎండకు టేపు జిగురు కారి ఊడుతుంది, బోసి తీగ దూలానికి తగులుతుంది. సోల్డరు చేసి హీట్ ష్రింక్ గొట్టం ఎక్కించండి. ప్రతి కొత్త వస్తువుకీ దాని ఫ్యూజు దానికే ఉండాలి.

16. మీ మీటరు మీ దగ్గరే ఉంచుకోండి. డిజైర్ మీటరులో ఇంకో రెండు అంకెలు ఎక్కువ కనిపించవచ్చు. అయినా వద్దు. పెట్రోలు బండికీ డీజిలుకీ ఇంజను వేగం చూపే ముల్లు కొలత వేరు, హెచ్చరిక దీపాలు వేరు. చాలా కార్లలో తిరిగిన కిలోమీటర్ల లెక్క మీటరు లోపలి చిప్‌లోనే ఉంటుంది. ట్యాక్సీ మీటరు తెచ్చి పెట్టుకుంటే మీ కారు ఒక్కరోజులో రెండు లక్షల కిలోమీటర్లు ముసలిదవుతుంది. తక్కువ తిరిగిన మీటరు పెడితే రేపు కొనేవాళ్లను మోసం చేసినట్టు. పాత మీటరు చెడిపోయి మార్చక తప్పకపోతే, మార్చిన రోజు రెండు అంకెలూ ఫొటో తీసి సర్వీసు పుస్తకంలో రాయించండి. అమ్మేటప్పుడు ఆ పేజీ చూపించండి.

పోలో, వెంటో ఉన్నవాళ్లకు ఇంకో చిక్కు. ఆ కార్లలో దొంగతనాన్ని ఆపే ఇమ్మొబిలైజరు మీటరులోనే ఉంటుంది. వేరే మీటరు పెట్టి తాళం తిప్పితే ఇంజను అందుకోదు, అందుకున్నా వెంటనే ఆగిపోతుంది. కోడు కలిపేదాకా కారు అక్కడే.

17. మారుతి 800, పద్మిని లాంటి పాత బళ్ల మీద చేయి వేసేవాళ్లకు రెండు మాటలు. వీటిలో వేగం మీటరు కేబులుతో తిరుగుతుంది. ఆ కేబులు ఒక నిమిషంలో ఎన్ని చుట్లు తిరిగితే ఎంత వేగం అన్న లెక్క బండి బండికీ మారుతుంది. వేరే బండి మీటరు పెడితే ముల్లు కదులుతుంది, అబద్ధం చెబుతుంది. రెండోది, ఇలాంటి పాత బళ్లలో చాలావాటికి బ్యాటరీ బొమ్మ ఉన్న ఎర్ర దీపం అలంకారం కాదు. ఆల్టర్నేటరును మొదట మేల్కొలిపే కరెంటు ఆ బల్బు గుండానే పోతుంది. కొత్త మీటరులో ఆ బల్బు లేకపోయినా, మాడిపోయినా బ్యాటరీ ఛార్జి కాదు. అప్పుడు అందరూ కలిసి ఆల్టర్నేటరును తిడతారు.

అంబాసిడర్ వాళ్లు మాత్రం దయచేసి ఏదీ మార్చకండి. ఉత్తరపాడాలో 2014లో ఉత్పత్తి ఆగిపోయిన బండి అది, అసలు రేకు డ్యాష్, గుండ్రటి మీటర్లు అలాగే ఉన్న బండికే ఇప్పుడు గౌరవం. 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా రిజిస్టరు చేయించాలంటే అది అసలు రూపంలో ఉండాలి. రేకు సొట్ట పోతే టింకరింగు చేయించండి, ప్లాస్టిక్ తెచ్చి కప్పకండి.

18. బిగించేటప్పుడు తొందర వద్దు. డ్యాష్‌ను చోట్లో కూర్చోబెట్టి, అన్ని కప్లర్లూ పెట్టాక, బోల్టులన్నీ ముందు చేత్తోనే పట్టించండి. ఒక చివర పూర్తిగా బిగిస్తే రెండో చివర రంధ్రం కలవదు. ప్లాస్టిక్‌కు ప్లాస్టిక్ రాసుకునే ప్రతి అంచుకూ ఉన్ని గుడ్డ లాంటి ఫెల్ట్ టేపు అతికించండి. కారులో కిర్రు చప్పుళ్లు సగం పోయేది దీనితోనే. స్టీరింగ్ నట్టు, స్టీరింగును దూలానికి పట్టే బోల్టులు మాత్రం కంపెనీ చెప్పిన బిగువుకే, టార్క్ రెంచితో. ఆ పని తెలిసినవాళ్లకు ఇవ్వండి.

19. ఎయిర్‌బ్యాగు దీపం పరీక్ష. ఎయిర్‌బ్యాగులున్న కారయితే, బ్యాటరీ పెట్టాక కారులో ఎవరూ లేకుండా చూసి తాళం ఆన్ చేయండి. ఆ బొమ్మ దీపం కొన్ని సెకన్లు వెలిగి దానంతటది ఆరిపోవాలి. అలాగే వెలుగుతూ ఉంటే ఎక్కడో కప్లరు పట్టలేదు. అసలు వెలగకపోతే ఇంకా అనుమానించాలి. సమస్య సరిచేయడం చేతకాని ఎలక్ట్రీషియన్లు ఆ బల్బు తీసేస్తారు, లేదా ఆయిలు దీపం తీగకు కలిపేస్తారు. అందుకే ఇంజను స్టార్టు చేయకుండా ఒకసారి చూడండి. ఆయిలు దీపం వెలుగుతూనే ఉండాలి, ఎయిర్‌బ్యాగు దీపం ముందే ఆరాలి. రెండూ ఇంజను అందుకున్నాక ఒకేసారి ఆరాయంటే మీకు ఎవరో టోపీ పెట్టారు. పాత కారు కొనేటప్పుడు కూడా ఇదే పరీక్ష పనికొస్తుంది.

తర్వాత హారను, వైపర్లు, ఇండికేటరు తిరిగి దానంతటది ఆగడం, ముందు అద్దానికి గాలి, లైట్లు వరుసగా చూసుకోండి. మీటరు మార్చినట్టయితే హైవే మీద పక్కన ఒకరిని కూర్చోబెట్టి, ఫోను జీపీఎస్‌లో వేగంతో పోల్చమనండి. ముల్లు అసలు వేగం కన్నా కొంచెం ఎక్కువ చూపిస్తే ఫరవాలేదు. తక్కువ చూపిస్తే చలానాలు మీకు, లాభం ఎవరికీ కాదు.

20. కాగితాలు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలు కంపెనీ మొదట చెప్పినదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. సుప్రీంకోర్టు కూడా 2019 జనవరిలో ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో, అనుమతి లేని మార్పులకు మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అన్న నిబంధన చేరింది. డ్యాష్‌బోర్డు ప్లాస్టిక్ ఆర్సీలో రాసే విషయం కాదు. దూలం కోసినా, ఎయిర్‌బ్యాగు తీసేసినా మాత్రం అది వేరే సంగతి. బీమా కంపెనీకి ఒక ఈమెయిలు పెట్టండి: ఫలానా తేదీన ఫలానా భాగం మార్చాను, బిల్లు జతచేశాను అని. క్లెయిము రోజున సర్వేయరు అడిగేలోపే మీ దగ్గర జవాబు ఉంటుంది. కారు ఇంకా వారంటీలో ఉంటే ఈ పనంతా వారంటీ అయ్యాక పెట్టుకోండి. లేకపోతే ఎలక్ట్రికల్ ఫిర్యాదు ఏది వచ్చినా డ్యాష్ విప్పారుగా అంటారు.

21. పాత డ్యాష్‌ను పాతసామానువాడికి వేసేయకండి. కారు అమ్మేనాడు అసలుది అడిగేవాళ్లుంటారు, గ్రిల్లు రెక్కో మూతో ఎప్పుడైనా అక్కరకొస్తుంది. గోడకు నిలబెడితే మధ్యలో వంగుతుంది, మేడ మీద పెడితే మళ్లీ ఎండే తింటుంది. పాత దుప్పటి చుట్టి అటక మీద బల్లపరుపుగా పడుకోబెట్టండి. గుడ్ల అట్టలో మిగిలిన స్క్రూలు కవరులో వేసి, కారు నంబరు రాసి, దాని గ్లవ్‌బాక్స్‌లోనే పెట్టండి. అటక మీద ఎలుకలుంటే ముందు వాటి సంగతి చూడండి.